సరస్సులో చేపల ఫొటోలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

స్నార్కెల్ (నోట్లో పెట్టుకునే ఊపిరి గొట్టం) పెట్టుకుని మంచినీటి సరస్సుల్లో చేపల ఫొటోలు తీయడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. ఎక్కువ ఉత్తరాలు కెమెరా గురించే వచ్చాయి. నేను మాత్రం చేపల గురించి, నీళ్ల గురించి అడిగినవాళ్లకే ఎక్కువ చోటు ఇచ్చాను. ఈ పనిలో ఫొటో బాగా రావడం, రాకపోవడం చాలావరకు అక్కడే తేలిపోతుందని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: ఒడ్డున నిలబడి చూస్తే బోలెడు చేపలు కనిపిస్తాయి. నీళ్లలోకి దిగగానే అన్నీ మాయం. ఎంత వేగంగా ఈదినా అందడం లేదు. ఫొటోల్లో అన్నీ తోకలే. ఏం చేయాలి మేడమ్? – వి. ఆర్.

జవాబు: ముందు ఈదడం ఆపేయండి. వెంటపడినంతసేపూ తోకలే దొరుకుతాయి.

చేపకు రెండు పక్కలా, మొప్పల వెనక నుంచి తోక దాకా పార్శ్వరేఖ అని ఒక గీత ఉంటుంది. నీళ్లలో ఏ కొంచెం కదలిక వచ్చినా ఆ గీత వెంట ఉన్న కణాలు పసిగడతాయి. మీరు కాళ్లకు తొడిగిన ఫిన్స్ ఒక్కసారి గట్టిగా ఆడిస్తే పుట్టే తోపు, మీరు దాని కంట పడకముందే దాని ఒంటికి తెలిసిపోతుంది. కాబట్టి చేపను వేగంతో గెలవాలనుకోవడం దండగ.

నేను చేసేది ఇది. నడుము లోతు మించని చోటు ఒకటి చూసుకుంటాను. పక్కనే నీటిమొక్కలో, నీళ్లలో పడిపోయిన చెట్టుకొమ్మో, రాళ్లో ఉండాలి. దాక్కునే చోటు దగ్గర్లో ఉంటే చేపకు ధైర్యం ఎక్కువ, మరీ దూరం పారిపోదు. అక్కడ బోర్లా తేలుతూ, ఒక చేత్తో రాయిని పట్టుకుని, కాళ్లు పూర్తిగా వదిలేస్తాను. స్నార్కెల్‌లోంచి ఊపిరి నెమ్మదిగా, ఒకే తీరులో నడవాలి. కెమెరా ముందే ఆన్ చేసి, ముఖానికి కాస్త కింద, చేపలు వస్తాయనుకున్న వైపు పెట్టి ఉంచాలి. తర్వాత చేయాల్సిందల్లా ఎదురుచూడడమే. కొత్తవాళ్లు రెండు నిమిషాలకే విసిగిపోయి ఇంకో చోటికి వెళ్తారు. అక్కడ మళ్లీ మొదటి నుంచీ మొదలు. పావుగంటైనా ఒకే చోట ఉండండి, తేడా మీకే తెలుస్తుంది.

ముందు వేలెడంత పిల్లచేపలు వస్తాయి. మీ నీడలో చేరి, మాస్క్ దాకా వచ్చి చూసి పోతాయి. వాటికి మీరంటే భయం పోయిందంటే పెద్దవి రావడానికి దారి పడినట్టే. యూరప్ సరస్సుల్లో ఉండే పెర్చ్ అనే చేప దీనికి మంచి ఉదాహరణ. దూరంగా ఉన్నప్పుడు ఒళ్లంతా ఆకుపచ్చగా, అడ్డంగా నల్లటి పట్టీలతో, నీటిమొక్కల్లో కలిసిపోయి ఉంటుంది. దగ్గరికి వచ్చాక చూడండి: కింది రెక్కలు నిప్పురంగులో ఉంటాయి, వీపు మీది ముళ్ల రెక్క ఒంటికి అంటుకుని పడుకుని ఉంటుంది. కన్ను మాత్రం మీ మీదే ఉంటుంది. శరీరం కదలదు, కనుగుడ్డు ఒక్కటే తిరుగుతుంది. ఆ ముళ్ల రెక్క ఒక్కసారిగా లేచిందంటే అది ఏదో పట్టించుకుందని అర్థం. నేను షట్టర్ నొక్కేది రెక్క లేచే ఆ క్షణంలోనే, ఎందుకంటే చేప రూపమంతా అప్పుడే విచ్చుకుంటుంది.

ఇంకో గుర్తు మొప్పల మూత. హాయిగా ఉన్న చేప మొప్పలు ఒక లయలో, నెమ్మదిగా తెరుచుకుని మూసుకుంటాయి. అవి గబగబా కొట్టుకుంటున్నాయంటే అది మీవల్ల టెన్షన్ పడుతోంది. అప్పుడు వెనక్కి తగ్గండి. ఎదురుగా, తిన్నగా చేప వైపు వెళ్లకండి. వేటాడే జంతువు వచ్చేది అలాగే. ఏటవాలుగా, వేరే ఎటో పోతున్నట్టు జరుగుతూ వెళ్తే చాలా చేపలు ఉండనిస్తాయి. పైక్ లాంటి, కదలకుండా మాటు వేసి వేటాడే చేప ఇంకా దగ్గరికి రానిస్తుంది. తను కదలకపోతే ఎవరికీ కనబడనన్న ధీమాతో బతికే చేప అది. పక్కనుంచి మెల్లగా వెళ్తే మొహం మొత్తం ఫ్రేమ్‌లో పడుతుంది.

మేత వేసి పిలవడం మాత్రం నాకు నచ్చదు. మేతకు వచ్చిన చేప ఫొటోలో దాని సహజమైన నడవడి ఉండదు. పైగా మనిషి వెంట తిరగడం అలవాటైన చేప గాలానికి ముందు చిక్కుతుంది.

ప్రశ్న: నా ఫొటోలన్నీ పచ్చగా, పొగమంచులో తీసినట్టు వస్తున్నాయి. సముద్రంలో వాడే ఎర్ర ఫిల్టర్ కొని పెట్టాను. ఇంకా దరిద్రంగా వచ్చాయి. ఎందుకని? – సుజాత

జవాబు: ఆ ఫిల్టర్ తయారైంది నీలం నీళ్ల కోసం. తేటైన సముద్రంలో నీళ్లు ఎరుపును ముందు మింగేస్తాయి, కొన్ని మీటర్ల లోతులోనే ఎరుపు దాదాపు కనబడకుండా పోతుంది, నీలం మాత్రం లోతుకు వెళ్తుంది. సరస్సు లెక్క వేరు. ఆకులు కుళ్లి నీళ్లలో కరిగిన పదార్థాలు, నాచు కణాలు నీలాన్ని ముందు లాగేసుకుంటాయి. ఎరుపునేమో నీళ్లే తినేస్తాయి. ఇటు నీలం, అటు ఎరుపు పోగా మధ్యలో మిగిలేది ఆకుపచ్చ. అడవుల మధ్య సరస్సుల్లో ఆకుల రసం ఇంకా ఎక్కువైతే నీళ్లు టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి, అప్పుడు ఫొటో పసుపు, నారింజ వైపు పోతుంది. కాబట్టి పచ్చ నీళ్లకు కావాల్సింది మెజెంటా రంగు ఫిల్టర్. డికాషన్ నీళ్లలోనైతే ఏ ఫిల్టరూ వద్దు.

నా సలహా అసలు ఫిల్టరే లేకుండా, కెమెరాకు అందిన వివరాలన్నీ మార్చకుండా దాచే రా ఫైల్‌లో తీయమని. చిన్న తెల్ల ప్లాస్టిక్ పలకను చేతికి తాడుతో కట్టుకోండి. మీరు ఫొటో తీసే లోతులోనే దాన్ని కెమెరా ముందు పెట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపించే అమరిక) సెట్ చేయండి. లోతు మారినా, ఎండ మారినా మళ్లీ చేయాలి. విసుగనిపిస్తుంది కానీ తర్వాత కంప్యూటర్ ముందు గంటలు కూర్చోవడం కంటే నయం.

ఇక పొగమంచు సంగతి. దీనికి మందు ఒకటే, దగ్గరికి వెళ్లడం. వెలుతురు పైనుంచి చేప దాకా దిగాలి, చేప నుంచి మళ్లీ మీ లెన్స్ దాకా రావాలి. ఆ రెండు దూరాల్లోనూ రంగు పోతుంది, స్పష్టత పోతుంది. మీ కంటికి మూడు మీటర్ల దూరం దాకా కనిపిస్తోందంటే మీటరు దాటి ఉన్న చేపను వదిలేయండి. నేనైతే మోచేతి పొడవు దూరం దాటితే షట్టర్ మీద వేలు పెట్టను. నీళ్లలో వస్తువులు ఉన్నదానికంటే పావు వంతు దగ్గరగా కనిపిస్తాయి. గాలికీ నీటికీ కాంతి వంగే తీరులో తేడా వల్ల వచ్చే భ్రమ అది. దాంతో "చాలా దగ్గరికి వచ్చేశాను" అని మనకు అనిపిస్తుంది. నిజానికి ఇంకా వెళ్లాలి.

దగ్గరికి వెళ్లినా చేప మొత్తం పట్టాలంటే విశాలంగా చూసే వైడ్ లెన్స్ కావాలి. దూరం నుంచి జూమ్ చేస్తే మధ్యలో ఉన్న మురికి నీళ్లు కూడా జూమ్ అవుతాయి.

మీరు పంపిన రెండో ఫొటో, జమ్ము కాడల మధ్య ఉన్నది, పచ్చగా ఉన్నా బాగుంది. దాని పచ్చదనాన్ని పూర్తిగా తీసేయొద్దు. చేప రంగు సరిచేసి వెనకున్న నీళ్లను అలాగే ఉంచండి. ఆ సరస్సు రంగు అదే కదా.

ప్రశ్న: ఫ్లాష్ వేస్తే ఫొటో నిండా తెల్ల చుక్కలు. చేపేమో పక్కన తెల్లగా కాలిపోయినట్టు వస్తోంది. – కె. ఎస్.

జవాబు: ఆ చుక్కలు నీళ్లలో తేలే ఒండ్రు, నాచు రేణువులు, సూక్ష్మజీవులు. కెమెరాలోనే ఉండే ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి, లెన్స్ ముందున్న ప్రతి రేణువునూ వెలిగించి వెనక్కి పంపిస్తుంది. దాన్ని పూర్తిగా ఆపేయండి. ఫ్లాష్ కావాలంటే స్ట్రోబ్ అనే విడి ఫ్లాష్ పెట్టుకుని, దాన్ని కెమెరాకు బిగించే కడ్డీల పొడవున పక్కలకు జరిపి, కాస్త బయటి వైపు తిప్పాలి. వెలుగు అంచు మాత్రమే చేప మీద పడాలి.

తెల్లగా కాలిపోవడానికి కారణం చేప ఒంట్లోనే ఉంది. వెండిచేపల, అంటే ఒళ్లు వెండిలా మెరిసే చేపల, పొలుసుల కింద చర్మంలో గ్వానిన్ అనే పదార్థం పలుచటి స్ఫటికాలుగా పేరుకుని, అద్దాల్లా పనిచేస్తుంది. చుట్టూ ఉన్న నీళ్ల రంగునే తిరిగి చూపిస్తూ చేప శత్రువు కంటికి ఆనకుండా ఉంటుంది. ఆ అద్దానికి ఎదురుగా మీరు ఫ్లాష్ కొడితే వెలుగంతా మీ మొహానికే తిరిగొస్తుంది. చేప కొద్దిగా పక్కకు తిరిగేదాకా ఆగండి, ఫ్లాష్ బలం తగ్గించండి. రెండు మీటర్ల లోపు నీళ్లలో, మంచి ఎండలో, వెండిచేపకు అసలు ఫ్లాష్ వద్దనే అంటాను. సూర్యుడి వెలుగులో ఆ ఒంటి మీద నీలం, గులాబీ, లేత పచ్చ అన్నీ కనిపిస్తాయి, ఫ్లాష్ వేస్తే అవన్నీ పోతాయి.

ప్రశ్న: అక్కా, నీళ్ల అడుగున ఎక్కువసేపు ఉండడానికి, మునిగే ముందు పది పదిహేనుసార్లు గబగబా గట్టిగా ఊపిరి పీల్చి వదులుతున్నా. నిజంగానే ఎక్కువసేపు ఉండగలుగుతున్నా. ఇంకా పెంచుకోవడానికి చిట్కాలు చెప్పండి. – పందొమ్మిదేళ్ల పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఆ పని ఈరోజే మానేయ్. ఈ ఒక్క జవాబు నువ్వు చదివితే చాలు, మిగతావి చదవకపోయినా ఫర్వాలేదు.

ఊపిరి తీసుకోవాలని మనకు అనిపించేది ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల, ఆక్సిజన్ తగ్గడం వల్ల కాదు. గబగబా ఊపిరి పీల్చి వదిలితే ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా తగ్గిపోతుంది. అంటే నువ్వు చేస్తున్నది సమయం పెంచుకోవడం కాదు, మోగాల్సిన గంటను ఊడబీకడం. లోపల ఆక్సిజన్ అయిపోతూ ఉంటుంది, నీకు మాత్రం హాయిగానే ఉంటుంది. పైకి వస్తున్నప్పుడు నీటి ఒత్తిడి తగ్గే కొద్దీ రక్తానికి అందే ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. అక్కడే, ఏ హెచ్చరికా లేకుండా స్పృహ పోతుంది. బాగా ఈత వచ్చినవాళ్లు, తక్కువ లోతులోనే ఇలా చనిపోయారు.

మునిగే ముందు రెండు మూడు మామూలు శ్వాసలు, అంతే. ఊపిరి తీసుకోవాలనిపించిన వెంటనే పైకి రా. ఒంటరిగా ఎప్పుడూ మునగొద్దు. ఒకరు కింద ఉంటే ఇంకొకరు పైనుంచి చూస్తూ ఉండాలి, ఇద్దరూ ఒకేసారి మునగకూడదు. నీ తోడు వచ్చేవాడికి కూడా ఈ ముక్క చదివి వినిపించు. చెవులు నొప్పెట్టకముందే ముక్కు నొక్కి మెల్లగా గాలి ఊది సర్దుకోవాలి, సర్దుకోకపోతే ఆ రోజుకు లోతు వద్దు. ముక్కు బయటే ఉండే ఈత కళ్లద్దాలతో కిందికి దిగకూడదు, వాటి లోపలి ఒత్తిడిని సరిచేసుకునే దారి ఉండదు. ముఖమంతా కప్పే స్నార్కెల్ మాస్కులు కూడా పైపైన తేలడానికే గానీ మునగడానికి కాదు.

ఇంకో విషయం. నువ్వు అడిగినదంతా లోతు గురించి. సరస్సులో చేపల సందడంతా వెలుతురు అడుగుదాకా అందే ఒడ్డు దగ్గరి నీళ్లలోనే, అంటే మొక్కలు మొలిచే చోటే ఉంటుంది. వేసవిలో లోతైన సరస్సుల్లో పైన గోరువెచ్చటి పొర, కింద చల్లటి పొర విడిగా నిలబడిపోతాయి. ఆ రెండూ కలిసే చోటు దాటితే చలికి ఒళ్లు జివ్వుమంటుంది, అడుక్కి వెళ్లేకొద్దీ చాలా సరస్సుల్లో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. నేను ఇష్టపడే ఫొటోలన్నీ కాళ్లు కింద ఆనే లోతులో తీసినవే.

ప్రశ్న: చిన్న గుంటలాంటి చోట ఒక చేప అటూఇటూ తిరుగుతూ నా కెమెరా మీదికి దూసుకొచ్చింది. చాలా దగ్గరగా ఫొటోలు వచ్చాయి. మళ్లీ వెళ్లి వీడియో కూడా తీద్దామనుకుంటున్నాను. – లక్ష్మి

జవాబు: మీరు చూసింది గూడు. ఆ దూసుకొచ్చింది చాలా మటుకు తండ్రి చేప. ఉత్తర అమెరికాలోని బ్లూగిల్‌ను చూస్తే, మగచేప లోతులేని చోట తోకతో గుండ్రటి గుంట చేసి, ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోయాక వాటి మీద రెక్కలతో నీళ్లు విసురుతూ కాపలా ఉంటుంది. ఈ గూళ్లు పక్కపక్కనే గుంపుగా ఉంటాయి. స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపలో మగది నాచు పోగులను తన ఒంట్లో తయారయ్యే జిగురుతో అతికించి గూడు కడుతుంది, ఆ రోజుల్లో దాని గొంతూ పొట్టా ఎర్రబడతాయి. దీని నడవడిని ఏళ్ల తరబడి పరిశీలించిన నికో టింబర్గెన్‌కు 1973లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. కొరమీను అయితే తల్లీతండ్రీ ఇద్దరూ కాపలా ఉంటారు. పైన ఎర్రటి పిల్లల గుంపు నీళ్లు ఉడికినట్టు కదులుతూ ఉంటుంది, కిందే పెద్దవి ఉంటాయి.

అలాంటి చేప పారిపోదు కాబట్టి ఫొటో తేలిగ్గా వస్తుంది. నాకు బాధ కలిగించేది అదే. ఆ చేప పారిపోకపోవడం ధైర్యం వల్ల కాదు, గుడ్లను వదల్లేక. మీరు మీద తేలుతున్నంతసేపూ అది మిమ్మల్ని తరమడంలో ఉంటుంది, ఆ సందులో పక్కనున్న చిన్నచేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. రెండు మీటర్ల అవతల ఆగి, గూటి మీద మీ నీడ పడకుండా, కాళ్లతో బురద లేపకుండా నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేయండి. చేప గూటికి తిరిగి రావడానికి జంకుతుంటే వెంటనే కదలండి. వీడియో కావాలంటే చిన్న యాక్షన్ కెమెరాను రాయి పక్కన నిలబెట్టి ఒడ్డెక్కేయండి. మీరు లేనప్పుడు అది గుడ్లకు రెక్కలతో గాలి విసిరినట్టు నీళ్లు విసురుతుంది. ఎదురుగా మనిషి ఉంటే మీకు ఆ దృశ్యం ఎలాగూ దొరకదు.

తిలాపియాలో మగది ఇసుకలో గుంట చేస్తుంది, ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పోతుంది. దవడ కింద ఉబ్బుగా ఉండి, ఏమీ తినకుండా తిరిగే చేప కనిపిస్తే దాన్ని తరమకండి. హడలిపోతే నోట్లో ఉన్నవాటిని ఉమ్మేస్తుంది.

ప్రశ్న: మొదటి కెమెరాగా ఏది కొనాలి? – చాలామంది

జవాబు: మీ దగ్గర యాక్షన్ కెమెరా ఉంటే దాంతోనే మొదలుపెట్టండి. కొత్తగా కొనేవాళ్లకు నేను చెప్పేది ఓఎం సిస్టమ్ టీజీ-7 (పాత ఒలింపస్ టీజీ-6 తర్వాత వచ్చినది) లాంటి చిన్న వాటర్‌ప్రూఫ్ కెమెరా. హౌసింగ్ (నీళ్లు చొరబడని పెట్టె) లేకుండానే 15 మీటర్ల దాకా తట్టుకుంటుంది, లెన్స్‌కు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. రా ఫైల్ ఇస్తుంది. తేలే పట్టీ తప్పక కట్టండి, సరస్సు అడుగు మెత్తటి బురద, జారితే కూరుకుపోతుంది. ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి దిగడం నాకు ఇష్టం లేదు. టచ్ స్క్రీన్ నీళ్లలో సరిగా పనిచేయదు, చేప ఎదురుగా ఉన్నప్పుడు మీరు తెర మీద కుస్తీ పడుతుంటారు.

షట్టర్ స్పీడ్ 1/250 సెకను కంటే తగ్గకుండా చూసుకోండి. ఫోకస్ కంటి మీద. మిగతాది అలవాటవుతుంది.

ప్రశ్న: ఏ టైమ్‌లో దిగాలి? ఎండ బాగా ఉన్నప్పుడు చేప ఒంటి మీద వెలుతురు గీతలు పడి ఫొటో పాడవుతోంది. – రమేశ్

జవాబు: ఆ గీతలు నీటి పైభాగంలోని అలలు భూతద్దాల్లా వెలుతురును ఒకచోటికి చేర్చడం వల్ల పడతాయి. లోతు తక్కువైతే గీతలు పదునుగా ఉంటాయి. పలుచటి మబ్బు పట్టిన రోజు ఈ బాధ ఉండదు, వెలుతురు మెత్తగా అన్ని వైపుల నుంచీ వస్తుంది. ఎండ రోజైతే గాలి లేవకముందే దిగండి. కానీ మరీ పొద్దున్నే సూర్యుడు కిందుగా ఉంటే వెలుతురులో చాలా భాగం నీటి మీద నుంచే జారిపోతుంది. గాలి లేకుండా, పొద్దు బాగా ఎక్కిన వేళ దొరికితే అంతకంటే కావాల్సింది లేదు.

నీళ్లు నిశ్చలంగా ఉన్నప్పుడు ఇంకో వరం ఉంది. కింద నుంచి పైకి చూస్తే నెత్తి మీద సుమారు 97 డిగ్రీల వెడల్పు గుండ్రటి కిటికీలో ఆకాశం, చెట్లు కనిపిస్తాయి. ఆ కిటికీ బయటంతా నీటి పైభాగం అద్దమైపోతుంది. కెమెరాను పైభాగానికి దగ్గరగా, అడ్డంగా పెడితే పైపైన తిరిగే చేపా, దాని తలకిందుల ప్రతిబింబం రెండూ పడతాయి. నేను దీన్ని వెతికి వెతికి తీస్తాను.

చేపను పైనుంచి తీయొద్దని కూడా ఇక్కడే చెప్పాలి. చాలా చేపల వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. పైనుంచి చూసే పక్షికి నల్లటి అడుగులో కలిసిపోవడానికే ఆ ఏర్పాటు. మీరూ పైనుంచి తీస్తే అది మీ ఫొటోలోనూ కలిసిపోతుంది. చెయ్యి కిందికి చాపి, చేప కంటి ఎత్తులో కెమెరా పెట్టండి.

ప్రశ్న: అద్దంలాంటి నీళ్లున్న సరస్సులు ప్రపంచంలో ఎక్కడున్నాయి? అక్కడికి వెళ్తే మంచి ఫొటోలు వస్తాయా? – పి. మాధవి

జవాబు: న్యూజిలాండ్‌లో బ్లూ లేక్ అనే సరస్సులో చూపు 70, 80 మీటర్ల దాకా వెళ్తుందని కొలిచారు. అది అక్కడి మావోరీలకు పవిత్రమైన చోటు, నీళ్లలోకి దిగడం నిషేధం. దిగకుండా చూసి రావడమే మర్యాద. రష్యాలోని బైకాల్‌లో తేటగా ఉండే కాలంలో 40 మీటర్ల దాకా కనిపిస్తుంది.

అయితే తేటతనం అంటే చేపలని కాదు. నీళ్లలో పోషకాలు తక్కువైతే నాచు తక్కువ, నాచు తక్కువైతే దాన్ని తినే సూక్ష్మజీవులు తక్కువ, వాటి మీద బతికే చేపలూ తక్కువే. ఉత్తర అమెరికా మహాసరస్సుల కథ ఇంకా దారుణం. జీబ్రా మసెల్ అనే వేలెడు కూడా లేని ఆల్చిప్ప జాతి ఓడల ద్వారా అక్కడికి చేరింది, 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో కనిపించింది. తర్వాత దాని బంధువు క్వాగా మసెల్ కూడా వచ్చింది. ఇవి నీళ్లను వడగట్టి వడగట్టి నాచునంతా తినేశాయి. నీళ్లు తేటబడ్డాయి. ఫొటోలు తీసేవాళ్లకు బాగానే ఉంటుంది, చేపపిల్లలకు తిండి పోయింది. అందుకే ఒక సరస్సులో వాడిన మాస్క్, ఫిన్స్, సూట్ కడిగి పూర్తిగా ఆరబెట్టాకే ఇంకో సరస్సులో దించండి. ఆ ఆల్చిప్పల పిల్లలు కంటికి కనబడవు, తడిలో ప్రయాణం చేస్తాయి.

తేటతనమూ చేపలూ రెండూ కావాలంటే తూర్పు ఆఫ్రికాలోని మలావి, టాంగన్యీకా సరస్సులు. మలావిలో వందల రకాల సిక్లిడ్ చేపలున్నాయి, చాలావరకు ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి. అక్కడి జాతీయ పార్కుకు 1984లో యునెస్కో గుర్తింపు వచ్చింది. టాంగన్యీకాలో ఖాళీ నత్తగుల్లల్లో కాపురం చేసే చిన్న సిక్లిడ్‌లు ఉంటాయి. గుల్ల ముందు బోర్లా పడి ఉంటే గుల్ల నోట్లోంచి ముందు చేప రెండు కళ్లు కనిపిస్తాయి. వేలంత కూడా ఉండదు, అయినా తన ఇంటి ముందు ఇసుకను నోటితో తీసి పక్కన పోస్తూనే ఉంటుంది.

ఇంత దూరం పోనవసరం లేదు. మీకు దగ్గర్లో ఉన్న సరస్సే వసంతం చివర్లో కొన్నాళ్లు తేటబడవచ్చు. డాఫ్నియా లాంటి నీటి పురుగులు పెరిగి నాచును తినేయడం వల్ల చాలా చల్లటి ప్రాంతాల సరస్సుల్లో ఇది జరుగుతుంది. తెల్లటి పళ్లేన్ని తాడు కట్టి దించి ఎంత లోతులో కనబడకుండా పోతుందో రాసుకుంటూ ఉండండి. ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త 1865లో సముద్రం మీద వాడిన పద్ధతి ఇది, ఇప్పటికీ సరస్సులను ఇలాగే కొలుస్తున్నారు. ఏడాది పాటు రాస్తే మీ సరస్సుకు మంచి రోజులు ఎప్పుడో మీకు తెలిసిపోతుంది.

ప్రశ్న: హౌసింగ్ లోపల ఆవిరి పడుతోంది. మాస్క్ కూడా మసకబారుతోంది. – జి. ఎన్.

జవాబు: బయట వేడి, తేమ గాలిలో హౌసింగ్ మూసి చల్లటి నీళ్లలో ముంచితే లోపలి తేమ అద్దం మీద పట్టక మానదు. చల్లటి, పొడి గదిలో మూయండి, సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పెట్టండి, ఎండలో వదిలేయకండి. మూసేముందు ఓ-రింగ్ (నీళ్లు రాకుండా ఆపే రబ్బరు వలయం) మీద వెంట్రుక గానీ ఇసుక రేణువు గానీ ఉందేమో వేలితో తడిమి చూడండి. ఒక్క వెంట్రుక చాలు నీళ్లు రావడానికి. కొత్త హౌసింగ్‌ను ముందు కెమెరా లేకుండా ముంచి పరీక్షించాలి. కొత్త మాస్క్ అద్దానికి తయారీలో పట్టిన సిలికోన్ పొర ఉంటుంది, టూత్‌పేస్ట్‌తో లోపల బాగా రుద్ది కడిగితే పోతుంది. తర్వాత దిగే ముందు ప్రతిసారీ ఉమ్మి రాసి ఒకసారి నీళ్లలో ముంచితే సరిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఈ సరదాలో పడ్డాడు. సరస్సు నీళ్లతో జబ్బులు రావా? ఎప్పుడు వద్దనాలో చెప్పండి. – ఒక తల్లి

జవాబు: మీరు భయపడడంలో తప్పేమీ లేదండీ. నీటి మీద పెయింట్ ఒలికినట్టు పచ్చటి తెట్టు ఉంటే ఆ రోజు దిగనివ్వకండి. అది నీలి-ఆకుపచ్చ నాచు, కొన్ని రకాలు విషం విడుదల చేస్తాయి. ఒంటి మీద తెరిచి ఉన్న గాయం ఉన్నా, పెద్ద వాన పడి చుట్టుపక్కల మురికంతా కొట్టుకొచ్చినా కొన్నాళ్లు ఆగాలి. ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ అలాంటి నీళ్లలోనే అంటుకుంటుంది. దిగి వచ్చాక కొన్ని రోజులకు జ్వరం వస్తే, సరస్సులో దిగిన సంగతి డాక్టర్‌కు చెప్పడం ముఖ్యం. ఆఫ్రికా సరస్సులకు వెళ్లేవాళ్లయితే, నేను పైన మెచ్చుకున్న మలావితో సహా, నత్తల నుంచి నీళ్లలోకి, అక్కడి నుంచి చర్మంలోకి చేరే పరాన్నజీవి వల్ల వచ్చే షిస్టోసోమియాసిస్ అనే జబ్బు ఉంది. తిరిగొచ్చాక పరీక్ష చేయించుకోవాలి, దానికి మందు ఉంది.

జబ్బుల కంటే నేను ఎక్కువ భయపడేది పడవలకు, తూములకు. నీళ్లలో బోర్లా తేలే మనిషి పడవ నడిపేవాడికి కనబడడు. రంగు బుడగ ఒకటి తాడుతో వెంట లాగమనండి. ఆనకట్ట తూములు, అలుగుల దగ్గరికి అసలు పోకూడదు, పైన నీళ్లు కదలనట్టే ఉన్నా కింద లాగేస్తుంటాయి. పై జవాబుల్లో పందొమ్మిదేళ్ల అబ్బాయికి రాసింది కూడా మీవాడి చేత చదివించండి. ఈ జాగ్రత్తలు పాటిస్తూ, తోడు మనిషితో వెళ్తానంటే వెళ్లనివ్వండి. మొదటి రెండుసార్లు మీరూ ఒడ్డున కూర్చోండి. ఎంతసేపు కదలకుండా ఉండగలిగాడో వాడిని అడగండి, ఎన్ని ఫొటోలు తీశాడని తర్వాత అడగొచ్చు.